ఏడాదిన్నరలో రిటైర్మెంట్ ఉంటే ఇప్పుడు చూసుకోవలసినవి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తున్నారు. 1993 జూలైలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరారు, 2027 జూన్ 30న 61 ఏళ్లు నిండి దిగిపోతున్నారు. అప్పటికి బేసిక్ 70,000 దగ్గర ఉంటుందని రాశారు. సొసైటీ అప్పు నాలుగు లక్షలుంది, అమ్మాయి పెళ్లి చేయాలి, అబ్బాయి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కుంటానని మీ డబ్బు మీద ఆశ పెట్టుకున్నాడు. ఎంత వస్తుంది, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం అమ్ముకుని ముందే ఒకేసారి డబ్బు తీసుకోవడం) ఎంత పెట్టాలి, వచ్చింది ఎక్కడ వేయాలి అని అడిగారు. సీపీఎస్‌లో, అంటే చందా కట్టే కొత్త పెన్షన్ పథకంలో ఉన్న మీ తమ్ముడి గురించి, సిమెంట్ ఫ్యాక్టరీలో చేస్తున్న మీ బామ్మర్ది గురించి కూడా ఒక మాట కలిపారు.

నేను నల్లగొండ జిల్లాలోనే ముప్పై నాలుగేళ్లు చేసి 2019లో 58 ఏళ్లకు రిటైర్ అయ్యాను. అందులో సగం కాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులోనే గడిచింది. చాలా పెన్షన్ ఫైళ్లు నా చేతిమీదుగా హైదరాబాద్ సైఫాబాద్‌లోని ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసుకు వెళ్లాయి. ఇప్పటికీ తెలిసినవాళ్లు ఇంటికి వస్తే కాగితాలు చూసిపెడుతుంటాను. అందరూ మీలాగే ముందు ‘ఎంత వస్తుంది సార్’ అని అడుగుతారు. ఆ లెక్క కింద వేసి చూపిస్తాను, పెద్ద పనేం కాదు. కానీ లెక్క ప్రకారం డబ్బు చేతికి రావాలంటే మీ సర్వీస్ రిజిస్టర్ సరిగ్గా ఉండాలి. మీ తర్వాత మీ ఇంటావిడకు రావాలంటే ఆమె పేరు సరిగ్గా ఉండాలి. నా దగ్గరికి కన్నీళ్లు పెట్టుకుని వచ్చినవాళ్లలో ఎక్కువమందికి డబ్బు కాగితం దగ్గరే ఆగింది.

ఒక సంగతి చెప్తాను. మా ఆఫీసులో చేసిన అటెండర్ ఒకాయన రిటైరైన మూడో ఏడు చనిపోయాడు. నెల మాసికం అయ్యాక ఆయన భార్య చందంపేట నుంచి బస్సులో వచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు, అందులో పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) పుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు. నాలుగూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూస్తే పీపీఓలో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి, రేషన్ కార్డులో లక్ష్మమ్మ, బ్యాంకు పుస్తకంలో మళ్లీ లక్ష్మి. పుట్టిన సంవత్సరం కూడా రెండు చోట్ల రెండు రకాలు. పీపీఓలో పేరు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దామని పాత ఫైల్ తీయించాను. కుటుంబ సభ్యుల వివరాల ఫారంలో ఆ పేరు నా చేతిరాతే. ఆయన నోటితో చెప్పింది చెప్పినట్టు రాశాను, ఆధార్ కార్డు తెమ్మని అడగలేదు. ఆ ఒక్క మాట అడగనందుకు ఆమెకు అఫిడవిట్, తహసీల్దార్ ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మళ్లీ ప్రతిపాదన, మళ్లీ అబ్జెక్షన్, ఇలా పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ ఆమె కూలికి పోయింది. బకాయితో సహా పెన్షన్ వచ్చింది, నిజమే. కానీ ఆ రోజు నుంచి నేను ఏ ఫైల్ పట్టినా ముందు భార్య పేరు అక్షరం అక్షరం కలిపి చూసిగానీ లెక్కల జోలికి పోలేదు.

అందుకే మీ పని అక్కడినుంచే మొదలవ్వాలి. ఈ వారంలో ఒక పూట తీసుకుని మీ సర్వీస్ రిజిస్టర్ (ఎస్ఆర్) అడిగి కూర్చోండి. మొదటి పేజీలో పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటిగా ఉందా, పదో తరగతి మెమోతో కలుస్తోందా చూడండి. ప్రొబేషన్ డిక్లరేషన్ ఎంట్రీ, ప్రతి ఏటి ఇంక్రిమెంట్, ఏఏఎస్ స్కేళ్లు (ప్రమోషన్ లేకపోయినా సర్వీసు ఏళ్లను బట్టి ఇచ్చే పై స్కేళ్లు), ప్రతి పీఆర్సీ (వేతన సవరణ) ఫిక్సేషన్ ఉన్నాయా చూడండి. జీతం లేని సెలవు ఎప్పుడైనా పెట్టి ఉంటే అది ఏ కారణం మీద పెట్టారో స్పష్టంగా రాసి ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేది సర్వీస్ వెరిఫికేషన్. ప్రతి ఏడాదికి ‘పే బిల్లులతో సరిచూశాం’ అని డీడీఓ (జీతాల బిల్లులు పెట్టే అధికారి) సంతకం ఉండాలి. ముప్పై నాలుగేళ్లలో ఎక్కడో రెండేళ్లు ఖాళీగా ఉంటాయి, ఏజీ ఆఫీసు సరిగ్గా అక్కడే వేలు పెడుతుంది.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కుంది. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. మీరు 1998లో కోదాడలోనో ఆలేరులోనో చేసి ఉంటే ఆ ఆఫీసు ఇప్పుడు సూర్యాపేట కిందో, యాదాద్రి భువనగిరి కిందో ఉంది. పాత పే బిల్లులు, అక్విటెన్సు రిజిస్టర్లు (జీతం ముట్టినట్టు సంతకాలున్నవి) కొన్ని అటు పోయాయి, కొన్ని ఇక్కడే మూటల్లో ఉన్నాయి. పాలమూరు వాళ్లకు మరీ కష్టం. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాక 2019లో నారాయణపేట కూడా వేరైంది. వెరిఫికేషన్ ఎంట్రీ లేదని తెలిస్తే ఆ ఆఫీసుకు ఉత్తరం రాయించి ఊరుకోకుండా మీరే వెళ్లి రికార్డు అసిస్టెంట్ పక్కన నిలబడి తీయించుకోండి. ఇప్పుడైతే సర్వీసులో ఉన్నారు, నలుగురూ మాట వింటారు. రిటైరయ్యాక అదే పని మీద అదే ఆఫీసుకు పోతే బయట బెంచీ మీద కూర్చోవాలి.

పాత ఫిక్సేషన్‌లో పొరపాటు బయటపడితే టెన్షన్ పడకండి. మీ వైపు నుంచి మోసం లేకుండా ఆఫీసు లెక్క తప్పి ఎక్కువ చెల్లించి ఉంటే, క్లాస్ త్రీ, ఫోర్ ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ల దగ్గర, ఏడాదిలోపు రిటైర్ కాబోతున్నవాళ్ల దగ్గర ఆ సొమ్ము రికవరీ చేయకూడదని 2014 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అయితే ఇక ముందు జీతం, పెన్షన్ సరైన లెక్క ప్రకారమే ఉంటాయి. ఇంకొకటి, మీ ఇంక్రిమెంట్ జూలై 1న అయితే మీరు దిగిపోయిన మర్నాడే అది పడాలి. ఏడాదంతా పనిచేసి సంపాదించుకున్న ఇంక్రిమెంట్‌ను మర్నాడు సర్వీసులో లేరన్న కారణంతో కాదనకూడదని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పెన్షన్ ప్రతిపాదనలో ఆ ఇంక్రిమెంట్ కలిపారో లేదో మీరే చూసుకోవాలి.

పెన్షన్ కాగితాలు రిటైర్మెంట్‌కు ఆరు నెలల ముందే ఏజీ ఆఫీసుకు చేరేలా చూసుకోండి. అంటే 2026 డిసెంబర్ కల్లా. జాయింట్ ఫొటోలు, సంతకాలు, గుర్తింపు మచ్చలు, కుటుంబ సభ్యుల పట్టిక, నామినేషన్లు అన్నీ అప్పటికి సిద్ధంగా ఉండాలి. మీ ఇంటావిడ పేరు ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, ఎస్ఆర్ నాలుగింటిలో ఒక్క తీరుగా ఉండేలా ముందే దిద్దించండి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతి ఇంటిపేరు ఒకచోట ఉన్నా ఇబ్బందే. పిల్లల్లో ఎవరికైనా శాశ్వత వైకల్యం ఉంటే ఆ బిడ్డ పేరు, సర్టిఫికెట్ ఇప్పుడే ఎక్కించాలి. తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకు కుటుంబ పెన్షన్ జీవితాంతం వస్తుంది. ఇవన్నీ చేసినా ఏజీ నుంచి ఆలస్యమైతే ప్రొవిజనల్ (తాత్కాలిక) పెన్షన్ అడిగే హక్కు మీకుంది.

ఇక లెక్క. మీకు 33 ఏళ్ల సర్వీసు దాటింది కాబట్టి చివరి బేసిక్‌లో సగం, అంటే 35,000 పెన్షన్. దానిమీద డీఏ. చేతివేళ్లతో లెక్కపెట్టడానికి వీలుగా డీఏ 30 శాతం అనుకుందాం. నెలకు 10,500 కలుస్తుంది, మొత్తం 45,500. కమ్యుటేషన్ పెట్టకపోతే ఇదీ మీ నెల పెన్షన్.

గ్రాట్యుటీకి బేసిక్, డీఏ కలిపి చూస్తారు. ప్రతి ఆరు నెలల సర్వీసుకు అందులో నాలుగోవంతు, మొత్తం మీద పదహారున్నర నెలల మొత్తానికి మించదు. మీకు 91,000ను 16.5తో గుణిస్తే 15,01,500. మన రాష్ట్రంలో 2020 పీఆర్సీతో గరిష్ఠ పరిమితి 16 లక్షలైంది కాబట్టి మీది లోపలే ఉంది. సంపాదిత సెలవు 300 రోజులు నిల్వ ఉంటే పది నెలల జీతం, తొమ్మిది లక్షల పైన. నిల్వ ఎంత ఉందో లీవ్ అకౌంట్‌లో ఇప్పుడే సరిచూసుకోండి, చివరి ఏడాదిలో అనవసరంగా వాడకండి. జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) నిల్వ, ప్రభుత్వ బీమా, గ్రూప్ ఇన్సూరెన్స్ వేరుగా వస్తాయి. జీపీఎఫ్ చందా ఆఖరి నాలుగు నెలలు కోయరు, ఆ నెలల్లో జీతం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, ఆశ్చర్యపోవద్దు. కొత్త పీఆర్సీ 2023 జూలై 1 నుంచి రావలసి ఉంది. దాని మీద ఆశ పెట్టుకుని అప్పులు మాత్రం చేయకండి, వచ్చాక పెన్షన్ సవరించుకుంటారు.

కమ్యుటేషన్ గురించి కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే మన ఉద్యోగులు తొంభై పాళ్లు ఆలోచించకుండా సంతకం పెట్టేది ఇక్కడే. పెన్షన్‌లో 40 శాతం దాకా ముందుగా అమ్ముకోవచ్చు. మీకు అది నెలకు 14,000. వయసును బట్టి పట్టికలో ఒక సంఖ్య ఉంటుంది, 61 ఏళ్లకు అది 8కి దగ్గరగా ఉంటుంది. 14,000ను పన్నెండు నెలలతో, తర్వాత 8తో గుణిస్తే 13,44,000 చేతికి వస్తుంది. దానికి బదులు నెలనెలా 14,000 కోత పదిహేనేళ్లు సాగుతుంది. కోత మొత్తం కూడితే 25,20,000. ఇదే లెక్కను బ్యాంకు అప్పులా చూస్తే తొమ్మిది శాతం పైన వడ్డీకి తెచ్చుకున్నట్టు. కోత తర్వాత నెలకు వచ్చేది 31,500. డీఏ మాత్రం పూర్తి 35,000 మీదే ఇస్తారు, అది తగ్గదు.

అలాగని కమ్యుటేషన్ చెడ్డదని అనను. పింఛనుదారు మధ్యలో పోతే మిగిలిన కోత కుటుంబం నుంచి వసూలు చేయరు. కుటుంబ పెన్షన్ మీద దాని ప్రభావం ఉండదు, అది చివరి బేసిక్‌లో 30 శాతం, మీ లెక్కలో 21,000, పైన డీఏ. ఆ డబ్బు మీద ఆదాయపు పన్ను కూడా ఉండదు. కాబట్టి గుండె జబ్బు, కిడ్నీ జబ్బు లాంటివి ఉన్నవాళ్లకు, ఎక్కువ వడ్డీ అప్పుల్లో ఉన్నవాళ్లకు పూర్తిగా పెట్టమనే చెప్తాను. మీకు మాత్రం గ్రాట్యుటీ, సెలవుల డబ్బు కలిపితేనే 24 లక్షలు. సొసైటీ అప్పు, అమ్మాయి పెళ్లి అందులో సర్దుకోవచ్చు. అలాంటప్పుడు 20 శాతం పెడితే చాలని నా అభిప్రాయం. నేను 2019లో ఇల్లు పూర్తి చేయాలని మొత్తం 40 శాతం పెట్టాను. ఇల్లు పూర్తయింది, సంతోషమే, కానీ ఇప్పుడు మందుల ఖర్చు పెరిగాక ప్రతి నెలా ఆ కోత గుచ్చుతోంది. మళ్లీ అవకాశం వస్తే సగమే పెడతాను. మీకు ఇంకా తేల్చుకోవడానికి వెసులుబాటు ఉంది. రిటైరైన ఏడాదిలోపు దరఖాస్తు పెడితే మెడికల్ పరీక్ష అక్కర్లేదు. పెట్టినప్పుడు కోత మొదలైన నెల డైరీలో రాసి పెట్టుకోండి. పదిహేనేళ్లకు మీకు 76 వస్తాయి, పూర్తి పెన్షన్ తిరిగి ఇవ్వమని అప్పుడు మీరో, మీ పిల్లలో అడగవలసి రావచ్చు. ఈలోపు 70 నిండినప్పుడు మన రాష్ట్రంలో పెన్షన్ మీద 15 శాతం అదనం వస్తుంది, పుట్టిన తేదీ ట్రెజరీ రికార్డులో సరిగ్గా ఉందో లేదో అందుకూ చూసుకోవాలి.

ఇప్పుడు నిష్ఠూరమైన మాట ఒకటి. పైన వేసిన లెక్క అంతా జూలై మొదటి వారంలో మీ ఖాతాలో పడుతుందని అనుకోవద్దు. 2021 మార్చిలో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచాక మూడేళ్లు వయసు నిండి దిగిపోయినవాళ్లే లేరు. 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఆ తర్వాత రిటైరైన చాలామందికి నెల పెన్షన్ వస్తోంది గానీ గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల డబ్బు నెలల తరబడి నిలిచిపోయాయి. బిల్లు పాసై టోకెన్ నంబర్ వచ్చి ఈ-కుబేర్‌లో (ప్రభుత్వ చెల్లింపులు జరిగే రిజర్వ్ బ్యాంకు వ్యవస్థలో) ఆగిపోవడం అందరి నోటా వింటున్నాం. కొందరు హైకోర్టుకు కూడా వెళ్లారు. నా మిత్రుడు ఒకడు ఆ డబ్బు వస్తుందన్న ధీమాతో బిడ్డ పెళ్లి ముహూర్తం పెట్టుకుని, చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు లక్షలు తెచ్చాడు. మొన్న కలిసినప్పుడు మనిషి సగమైపోయాడు. ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాళ్లను ఇలా తిప్పడం తప్పు, ఆ మాట గట్టిగానే అంటాను. మీరు మాత్రం మీ ప్రణాళికలో ఆ డబ్బు ఏడాది ఆలస్యంగా వస్తుందనే వేసుకోండి. జీపీఎఫ్ నిల్వలోంచి అమ్మాయి పెళ్లికి ఇప్పుడే, సర్వీసులో ఉండగానే తీసుకునే వీలు ఉంది, దాన్ని చూడండి. ఇంకో ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు ఈ ఏడాదిన్నరలో పక్కన పెట్టండి. ఆ రెండూ ఉంటే ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు.

డబ్బు వచ్చాక ఎక్కడ వేయాలి అన్నారు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ మొదటిది. నల్లగొండ హెడ్ పోస్టాఫీసులోనూ, పెద్ద బ్యాంకుల్లోనూ తెరవవచ్చు. ఒక మనిషికి గరిష్ఠం 30 లక్షలు, కాలం ఐదేళ్లు, తర్వాత మూడేళ్లు పొడిగించుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 8.2 శాతం ఇస్తున్నారు. మీరు తెరిచే రోజున ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఇదే రేటు ఉంటే 20 లక్షలకు మూడు నెలలకోసారి 41,000 వస్తుంది. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఒక్కరి పేరు మీద 9 లక్షలు, జాయింట్‌గా 15 లక్షలు దాకా వేయవచ్చు, నెలనెలా వడ్డీ వస్తుంది. మీ ఇంటావిడకు 60 నిండలేదు కాబట్టి ఆమెను కలుపుకుని ఇది పెట్టుకుంటే బాగుంటుంది. ఆమె పేరున సొంతంగా ఒక ఖాతా, అందులో ఆమె చేత్తో తీసుకునే డబ్బు ఉండటం నాకు ముఖ్యం అనిపిస్తుంది. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉందని గుర్తుంచుకోండి, చిన్న బ్యాంకుల్లో అంతకు మించి పెట్టకండి.

రిటైరైన వార్త తెలియగానే ఇంటికి వచ్చేవాళ్ల గురించి హెచ్చరించాలి. సాగర్ రోడ్డు, శ్రీశైలం హైవే, విజయవాడ హైవే మీద చిట్యాల దాటేదాకా వెంచర్లే. కారు పంపించి తీసుకెళ్తారు, భోజనం పెడతారు, ప్రీలాంచ్ ధర ఈ వారమే అంటారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేనిదే 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌లో ప్లాటుగానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులో ఫ్లాటుగానీ అమ్మకూడదు, ప్రచారం కూడా చేయకూడదు. నంబర్ చూపించలేనివాడికి టీ తాగి దండం పెట్టి వచ్చేయండి. ప్రామిసరీ నోటు మీద వడ్డీకి ఇవ్వడమూ వద్దు. చుట్టం కాబట్టి మూడేళ్లు అడగలేక ఊరుకుంటే నోటుకు కాలదోషం పడుతుంది, డబ్బుతోపాటు చుట్టరికమూ పోతుంది.

అబ్బాయి ఫ్లాట్ విషయం మీరు సంకోచిస్తూ రాశారు, అర్థమైంది. అతనికి ముందు పాతికేళ్ల జీతం ఉంది, నెలవారీ వాయిదాలు అతను కట్టుకోగలడు. ముందస్తుగా కట్టే దాంట్లో మీకు తోచినంత, మూడు నాలుగు లక్షలు చేయూత ఇవ్వండి. నల్లగొండలో ఉన్న ఇల్లు అమ్మి ఇవ్వడం గానీ, ఇప్పుడే అతని పేర గిఫ్ట్ డీడ్ చేయడం గానీ వద్దు. మీ అబ్బాయి మంచివాడే అయి ఉంటాడు, అది నేను కాదనను. ఎప్పుడైనా గిఫ్ట్ చేయవలసి వస్తే, మమ్మల్ని పోషించాలి అన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పితే ఆర్డీఓ ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు. షరతు రాసి లేకపోతే నిరూపించడం కష్టమవుతుంది. దానికన్నా వీలునామా మేలు. తెల్ల కాగితం మీద రాసి ఇద్దరు సాక్షులు సంతకం చేసినా చెల్లుతుంది, మనసు మారితే మార్చుకోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తే తర్వాత తగాదా తగ్గుతుంది. బ్యాంకులో నామినీగా రాసినంత మాత్రాన ఆ డబ్బు ఆ మనిషి సొంతం కాదు, వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమే, అది చాలామందికి తెలియదు.

వైద్యానికి ఉద్యోగుల హెల్త్ కార్డు ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇద్దరికీ కలిపి ఒక పాలసీ ఇప్పుడే తీసుకోండి. ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెడతారు, ఆ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మంచిది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. షుగర్, బీపీ ఉంటే దాచకుండా రాయండి, దాచితే సరిగ్గా ఆసుపత్రిలో ఉన్నరోజే క్లెయిమ్ తిరగ్గొడతారు.

మీ తమ్ముడి సంగతి. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరాడు కాబట్టి పైన చెప్పిన పెన్షన్ లెక్క అతనికి వర్తించదు. బేసిక్, డీఏ కలిపి పది శాతం అతనిది, అంతే ప్రభుత్వానిది అతని ప్రాన్ (శాశ్వత పెన్షన్ నంబర్) ఖాతాలో పడుతుంది. వయసు నిండి రిటైరైనప్పుడు 60 శాతం దాకా తీసుకోవచ్చు, కనీసం 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా డబ్బు ఇచ్చే బీమా పథకం) కొనాలి, దాని మీద వచ్చేదే నెల పెన్షన్. డీఏ ఉండదు. అతను చేయాల్సిన పని ఒకటే, ఏటా ప్రాన్ స్టేట్‌మెంట్ తీసి ప్రతి నెలా రెండు వాటాలూ జమయ్యాయా అని జీతం స్లిప్పులతో కలిపి చూడటం. తప్పిన నెలలుంటే వాటి మీద పెరుగుదల కూడా పోయినట్టే. పెన్షన్ తక్కువ కాబట్టి సొంతంగా దాచుకోవడం అతనికి మీకన్నా ఎక్కువ అవసరం.

బామ్మర్దికి మాత్రం ఎవరైనా దగ్గర కూర్చోబెట్టి చెప్పాలి. ‘నాకూ పీఎఫ్ పెన్షన్ ఉంది బావా’ అన్నాడని రాశారు. ఆ పెన్షన్ ఎంతో అతనికి తెలియదని నాకనిపిస్తోంది. కంపెనీ వాటాలో 8.33 శాతం పెన్షన్ పథకానికి పోతుంది, కానీ జీతం ఎంతున్నా 15,000 వరకే లెక్క, అంటే నెలకు 1,250. పెన్షన్ సూత్రం సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడం. 2014 ఆగస్టు దాకా చేసిన సర్వీసుకు పరిమితి 6,500 మాత్రమే. అతను 2003లో చేరి 2027 దాకా చేస్తే, ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు కలిపే రెండేళ్లు వేసినా నెలకు నాలుగు వేల చుట్టూ తేలుతుంది. దానికి డీఏ లేదు. అతనికి అసలు ఆధారం పీఎఫ్ నిల్వ, గ్రాట్యుటీ. ఇల్లు రిపేరు, బండి అని పీఎఫ్ అడ్వాన్సులు తీసుకోవడం ఆపమనండి. గ్రాట్యుటీ లెక్క చివరి నెల బేసిక్, డీఏను 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించడం, 20 లక్షలకు మించదు. 58కే పెన్షన్ మొదలుపెట్టకుండా 60 దాకా ఆగితే ఏడాదికి నాలుగు శాతం పెరుగుతుంది, ముందుగా 50 దాటగానే తీసుకుంటే ఏడాదికి నాలుగు శాతం తగ్గుతుంది. తొందరపడి తీసుకునే ఫారం మీద సంతకం పెట్టొద్దని చెప్పండి. యూఏఎన్‌లో (అతని పీఎఫ్ నంబర్ కింద) పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, పాత కంపెనీ సర్వీసు కలిసి ఉన్నాయా చూసి, భార్యాబిడ్డల పేర్లతో ఈ-నామినేషన్ చేయించండి. అతనికీ కథ మళ్లీ పేరు దగ్గరే మొదలవుతుంది.

మీరు ముందు ఎస్ఆర్ చూడండి. వెరిఫికేషన్ లేని ఏళ్లు ఏవో, అప్పుడు ఏ ఆఫీసులో ఉన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనే మీ ఇంటావిడ పేరు నాలుగు కార్డుల్లో ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు దించుకోండి. ఆ కాగితం పట్టుకుని ఒక ఆదివారం నల్లగొండ రండి, మా ఇల్లు గడియారం సెంటర్‌కు నడిచి వచ్చేంత దూరమే. ఏ ఆఫీసుకు ఏ ఉత్తరం పెట్టాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.